కత్తివాడు, కొబ్బరినూనె

మొన్న ఆదివారం మా అమ్మాయి లావణ్య ఫోన్‌ని మంచం మీదికి విసిరేసింది. "ఈ కత్తివాడు దేనికీ పనికిరాడు నాన్నా. దగ్గరికి పోయేలోపే చంపేస్తున్నారు" అంది. అది తొమ్మిదో తరగతి చదువుతోంది. నేను ఫోన్ తీసి చూశాను. తెర మీద ఒక చిన్న మనిషి, చేతిలో పొట్టి కత్తి. దూరంగా బాణాలు వేసేవాడు. రంగులు ఎక్కువయ్యాయి, బొమ్మలు నున్నబడ్డాయి గానీ, ఆ కత్తివాడు నాకు తెలిసినవాడే. సెల్‌ఫోన్లలో ఇంకా ఇట్లాంటి ఆటలు రాని రోజుల్లో, గుంటూరులో ఒక నెట్ సెంటర్లో రెండేళ్ళ పాటు వాడే నేను, నేనే వాడు. "వాడు పనికొస్తాడమ్మా. నీకే వాడితో ఆడటం రాలేదు" అన్నాను. అది నన్ను ఎగాదిగా చూసింది. మెసేజి చదవడానికే తడుముకునే మనిషికి ఆటలేం తెలుసు అన్నట్టు. ఆ చూపు పడబట్టే ఇది రాయడానికి కూర్చున్నాను. నా చదువు ఐదో తరగతితో సరి. బస్తా మూతి కుట్టమంటే కళ్ళు మూసుకుని కుడతాను గానీ, మాటలు ఇట్లా వరసగా పెట్టడం ఇదే మొదలు. ఎక్కడన్నా కుట్టు వంకరపోతే మీరే సర్దుకోవాలి.

మాది పెదకాకాని. అమ్మా నాన్నా నాకు ఊహ తెలియకముందే పోతే నాయనమ్మ పెంచింది. ఆమె పేరు వెంకాయమ్మ. నేను పొద్దున్నే సైకిలెక్కి గుంటూరు మిర్చి యార్డుకు వెళ్ళేవాణ్ణి. కాటా అయిన బస్తాలకు దబ్బనంతో, పురికొసతో మూతులు కుట్టడం నా పని. ఎండలో రాశులు పోసిన మిరపకాయల వాసన కొత్తవాళ్ళకు తుమ్ములు తెప్పిస్తుంది. మాకు అదే గాలి. సాయంత్రం నేను ఇంటికి రాగానే నాయనమ్మ గడప బయటే ఆపేసేది. తలుపు గొళ్ళెం కూడా ముట్టుకోనిచ్చేది కాదు. అరుగు పక్కన రాయి మీద కూర్చోబెట్టి, ముందు రెండు చేతులకూ కొబ్బరినూనె పోసి, గోళ్ళ సందులదాకా రుద్దేది. తర్వాత శనగపిండి. ఆ తర్వాతే నీళ్ళు. చివర్న కాస్త పుల్లమజ్జిగ. నాకు తొందరగా ఉండి ఎప్పుడన్నా చెంబు అందుకుంటే చెయ్యి మీద కొట్టేది. "నీళ్ళు ముందు కాదురా సన్నాసీ! నీళ్ళు పోస్తే కారం పారుద్ది. నూనెకైతే లొంగుద్ది" అనేది. అంతా అయ్యాక నా చూపుడువేలు తీసుకుని తన కింది పెదవికి ఆనించుకునేది. మండకపోతే "పో లోపలికి" అనేది. మండితే మళ్ళీ మొదటి నుంచీ. అరవై దాటిన మనిషి రోజూ సాయంత్రం తన పెదవి పెట్టి నా చెయ్యి పరీక్ష చేసేది. అప్పుడు నాకది చాదస్తంగా ఉండేది.

నెట్ సెంటర్ నడిపేది సుభానీ అన్న. వాళ్ళ ఇంటి ముందు గదిలో ఎనిమిది కంప్యూటర్లు పెట్టాడు. గదిలో ఎప్పుడూ అగరొత్తుల వాసన, వేడెక్కిన ప్లాస్టిక్ వాసన, వెనక వంటింట్లోంచి వదిన వేసే తాలింపు వాసన. అన్న లావుపాటి మనిషి, నెమ్మదస్థుడు. కీబోర్డులు తడిగుడ్డతో తుడుస్తూ, ఎవరన్నా అరిస్తే "నాయనా, ఇది ఇల్లు" అనేవాడు. ఒకసారి ఒక స్కూలు పిల్లవాడు మా యార్డు మనిషి లేచిన కంప్యూటర్ దగ్గర కూర్చుని, కళ్ళు నులుముకుని గంటసేపు ఏడ్చాడట. అప్పటినుంచి అన్న ఒక నియమం పెట్టాడు. యార్డు వాళ్ళు ఎనిమిదో నంబరు దగ్గరే కూర్చోవాలి. అది గుమ్మం పక్కన ఉండేది. ఎండ తెర మీద పడి బొమ్మ కనపడదు. మౌస్ అడుగున గుండు తిరగదు, బల్లకేసి కొడితే కాసేపు తిరుగుతుంది. మేము నలుగురం యార్డు నుంచి వెళ్ళేవాళ్ళం. ఒకడు ఆడుతుంటే ముగ్గురం నిలబడేవాళ్ళం. మిగతా కంప్యూటర్లు ఖాళీగా ఉన్నా సరే. అన్న చెడ్డవాడు కాదు. నియమంలో తప్పు కూడా లేదు. అయినా ఖాళీ కుర్చీ పక్కన నిలబడటం నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆట గురించి చెప్పాలి. ఎక్కడెక్కడి వాళ్ళో నెట్‌లో కలిసి కొట్టుకునే ఆట. ఒక్కొక్కరు ఒక మనిషిని ఎంచుకోవాలి. బాణాలవాడు, మంచు విసిరే మంత్రగాడు, పొడుగు బల్లెంవాడు, కత్తివాడు. బొమ్మకు మీసం ఉందని నేను కత్తివాణ్ణి తీసుకున్నాను. తర్వాత తెలిసింది, ఆటలో అందరికన్నా కష్టం వాడిదేనని. మిగిలినవాళ్ళు దూరం నుంచే కొడతారు. కత్తివాడు మనిషి పక్కకు వెళ్తే తప్ప కొట్టలేడు. ఆ వెళ్ళేలోపు తల మీది ఎర్రగీత, అంటే ప్రాణం, సగం కరిగిపోతుంది. నాకు ఇంగ్లీషు రాదు కాబట్టి ఏ మీట ఏం చేస్తుందో చదువుకోలేను. చోటుని బట్టి, చప్పుడుని బట్టి నేర్చుకున్నాను. మంత్రగాడు మంచు విసిరే ముందు గాజు పగిలినట్టు చప్పుడొస్తుంది. అది వినగానే స్తంభం చాటుకి పోవాలి. మంచు స్తంభానికి తగిలాక వాడు మళ్ళీ విసరడానికి నేను ఆరు అంకెలు లెక్కపెట్టేంత సేపు పడుతుంది. ఆ ఆరు అంకెలూ నావి. బల్లెంవాడైతే నా కన్నా ఒక బారెడు ఎక్కువ. వాడికి ఎదురుగా నిలబడితే చావే. వాడి ఒంటికి ఆనుకుని తిరగాలి, అంత దగ్గర్లో బల్లెం తిరగదు. ఇవన్నీ ఒక్కొక్కటీ పదేసిసార్లు చచ్చి నేర్చుకున్నవి. ఒక్క బాణాలవాడు మాత్రం కొరుకుడు పడలేదు.

వాడికి వెనక్కి ఎగిరే ఒక గెంతు ఉంది. నాకు ముందుకి దూకే ఒక దూకు ఉంది. నేను దూకుతాను, వాడు గెంతుతాడు, మళ్ళీ అంత దూరం. ఒకసారి వాడిన దూకు మళ్ళీ నా చేతికి వచ్చేలోపు బాణాలతో జల్లెడ చేస్తాడు. నేను ఎంత వేగంగా తరిమితే అంత త్వరగా చచ్చేవాణ్ణి. దీనికి మందు నాయనమ్మ దగ్గర దొరికింది. ఆమెకు ఏడు కోళ్ళు ఉండేవి. సాయంత్రం వాటిని గంప కింద కమ్మేది. ఒకరోజు ఒంట్లో బాగోక నన్ను పట్టమంది. నేను తరిమాను, అవి ఎగిరాయి, పక్కింటి దొడ్లోకి, పాక మీదికి. నాయనమ్మ మంచంలోంచి లేచి వచ్చింది. "కోడి వంక చూడబాకరా. అది పోయే చోటు చూడు" అంది. ఆమె కోడి వైపు కన్నెత్తి చూడలేదు. ఏదో పని మీద పోతున్నట్టు గోడవారగా నడిచి, ఉత్తినే చీరకొంగు ఒకసారి దులిపింది. కోడి బెదిరి ఎగిరి మూలకు పడింది. "దాని ఎగురుడు అయిపోయింది, ఇంక నడవాల్సిందే" అని వంగి పట్టుకుంది.

మర్నాడు ఎనిమిదో నంబరు దగ్గర అదే చేశాను. దూకలేదు. దూకేవాడిలా రెండడుగులు వేసి ఆగాను. బాణాలవాడు భయపడి వెనక్కి గెంతేశాడు. వాడి వెనక గోడ. అప్పుడు దూకాను. మొదటిసారి బాణాలవాణ్ణి చంపిన రోజు అది. చప్పట్లు కొట్టడానికి యార్డు వాళ్ళు ముగ్గురే ఉన్నారు.

ఆ చప్పట్లు విని ప్రభాకర్ తల తిప్పాడు. వాడు పర్చూరు దగ్గరి పొగాకు రైతుల అబ్బాయి, పాలిటెక్నిక్ చదువుతూ గుంటూరులో గదిలో ఉండేవాడు. మూడో నంబరు వాడిది. అక్కడి బాణాలవాళ్ళందరిలోకీ పెద్ద మొనగాడు. నోరు పెద్దది, మనసు కూడా పెద్దదే. తెర మీద ఎవడన్నా ఇంగ్లీషులో తిడితే నాకు చదివి చెప్పి, నా తరఫున తిరిగి తిట్టేవాడు. ఆ రోజు నా వెనక వచ్చి నిలబడ్డాడు.

"ఏరా కోటిగా, ఎవడో పిల్లకాకిని కొట్టావు. నన్ను కొట్టు చూద్దాం."

"ఈ మౌస్‌తోనా? నాకు మంచి కంప్యూటర్ ఇవ్వమను, కొడతా."

"సాకులు. డాన్సు రానోడు మద్దెల మీద పడ్డట్టు."

"నువ్వొచ్చి గుమ్మం పక్కన ఎండలో కూర్చో, అప్పుడు తెలుస్తది ఎవరివి సాకులో."

వాడు నవ్వలేదు. కాసేపు ఆ ఎనిమిదో నంబరు తెర వంక చూశాడు. తర్వాత సుభానీ అన్నను కేకేశాడు. "అన్నా, శనివారం నాకూ వీడికీ మూడు ఆటలు. వీడు గెలిస్తే యార్డు వాళ్ళు ఎక్కడైనా కూర్చుంటారు. నేను హామీ. గెలవకపోతే ఎనిమిదే." అన్న గడ్డం గోక్కున్నాడు. "చేతులు శుభ్రంగా ఉంటే సరే" అన్నాడు. మా వాళ్ళు ముగ్గురూ నా వంక చూశారు. ఆ చూపుతో ఆట నా ఒక్కడిది కాకుండా పోయింది.

శనివారం యార్డుకు సెలవు. అందుకే ఆ రోజు పెట్టుకున్నాం. పొద్దున్నే నాయనమ్మ చేత నూనె రాయించుకున్నాను, సెలవురోజు ఎందుకురా అంటున్నా వినకుండా. పది గంటలకు ఆకాశం నల్లబడింది. ఆరుబయట ఉన్న సరుకు తడుస్తుందని మేస్త్రి మనిషిని పంపాడు. పోకపోతే సోమవారం పని ఉండదు. వెళ్ళి రెండు గంటలు నోళ్ళు తెరుచుకుని ఉన్న బస్తాలు కుట్టాను. మామూలు కాయ కూడా కాదు, తేజ రకం, అన్నిటికన్నా ఘాటు. చినుకు పడలేదు, మబ్బు విడిచిపోయింది. అప్పటికే ఆలస్యమైంది. ఇంటికెళ్ళి రావడానికి టైము లేదు. యార్డు కుళాయి కింద సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను. వాసన చూసుకున్నాను, సబ్బు వాసనే వచ్చింది. చాల్లే అనుకున్నాను. పెదవికి ఆనించి చూసుకోవాలని తోచలేదు. తోచినా ఆనించేవాణ్ణి కాదేమో.

సెంటర్ నిండా జనం. ప్రభాకర్ తన కుర్చీలోంచి లేచి, "రా, మంచి మౌస్ మీద అరగంట చెయ్యి తిప్పుకో. తర్వాత సాకులు చెప్పబాక" అన్నాడు. వాడి మూడో నంబరు మౌస్ మీద అరగంట ప్రాక్టీసు చేశాను. అడుగున గుండు లేకుండా ఎర్రలైటు వెలిగే కొత్తరకం మౌస్ అది. వెన్న మీద వేలు జారినట్టు జారింది. తర్వాత వాడు తన చోట కూర్చున్నాడు, నేను పక్కన నాలుగో దగ్గర.

మొదటి ఆట వాడు గెలిచాడు. నేను ఉత్తుత్తి అడుగులు వేస్తే వాడు గెంతలేదు. నా ఎత్తు ముందే చూసి పెట్టుకున్నాడు. రెండో ఆటలో నేను వాడి వైపు చూడటం మానేశాను. స్తంభాల చాటున, గోడవారగా, వాడు పోవాల్సిన మూల వైపు నడిచాను. వాడికి అర్థం కాలేదు. మూల నాదైపోయింది, గెంతడానికి చోటు లేక చచ్చాడు. మావాళ్ళు అరిచారు. సుభానీ అన్న "ఇది ఇల్లు" అనడం కూడా మర్చిపోయాడు.

మూడోది చాలాసేపు సాగింది. ఇద్దరికీ ఎర్రగీత వెంట్రుకవాసి మిగిలింది. ఒక్క బాణం తగిలితే నేను పోతాను, ఒక్క కత్తి తగిలితే వాడు పోతాడు. నేను స్తంభం వెనక ఉన్నాను. మధ్యలో పక్కనుంచి ప్రభాకర్ ముక్కు ఎగబీలుస్తున్న చప్పుడు, "అబ్బా" అన్న మాట వినపడ్డాయి. నేను తెర మీదినుంచి కళ్ళు తిప్పలేదు. స్తంభం చాటునుంచి బయటికి వచ్చాను. బాణాలవాడు కదలకుండా నిలబడి ఉన్నాడు. బాణం వేయడం లేదు, గెంతడం లేదు. ఉత్త మనిషిలా నిలబడ్డాడు.

అప్పుడు తల తిప్పి చూశాను. ప్రభాకర్ రెండు చేతులూ కళ్ళ మీద ఉన్నాయి. నులుముకుంటున్నాడు. నాకు ఆ క్షణంలోనే తెలిసింది. ఇది సరిగ్గా చెప్పాలి, ఇది చెప్పడానికే ఇంత దూరం వచ్చాను. తెలిసింది. తెలిశాకే మళ్ళీ తెర వైపు తిరిగాను. నాలుగడుగులు నడిచాను. దూకాల్సిన పని కూడా లేదు. కొట్టాను.

గది అదిరిపోయింది. మావాళ్ళు నన్ను కుర్చీతో సహా ఎత్తబోయారు. ప్రభాకర్ లేచి గుడ్డివాడిలా తడుముకుంటూ కుళాయి దగ్గరికి పోతున్నాడు. ఎవరో "కళ్ళకలక రా వాడికి" అన్నారు. ఎవరో "రాత్రంతా తెర చూస్తే అంతే" అన్నారు. నేను నోరు మూసుకుంటే అదే నిజమైపోయేది. నలుగురికీ కుర్చీలు దొరికేవి. మూడో నంబరు మౌస్ తీసి నా కింది పెదవికి ఆనించుకున్నాను. మండింది.

"నీళ్ళు కొట్టుకోబాక!" అని అరిచాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది. "ముందు నూనె! అన్నా, వదిన్ని కొబ్బరినూనె తెమ్మను. పచ్చిపాలు తెమ్మను. అది కారం. నా చేతిది."

గది చల్లబడిపోయింది. మావాళ్ళలో ఒకడు "నీకేం పిచ్చా" అని గొణిగాడు. వదిన నూనె సీసా, గ్లాసులో పాలు పట్టుకుని పరుగున వచ్చింది. ప్రభాకర్‌ని వాళ్ళ వంటింటి గడప మీద కూర్చోబెట్టాను. నేను ముట్టుకోకూడదు కాబట్టి, వదినకు చెప్పాను. ముందు నూనెగుడ్డతో రెప్పల మీద, బుగ్గల మీద, వాడి వేళ్ళకీ. ఆ తర్వాత చల్లటి పాలు చుక్కలు చుక్కలుగా కళ్ళలోకి. నేను వాడి ముందు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. చాలాసేపటికి వాడు మూసిన కళ్ళతోనే అడిగాడు.

"ఒరేయ్ కోటిగా. నన్ను చూసి కొట్టావా, కొట్టాక చూశావా?"

అబద్ధం ఆడితే వాడికి తెలిసే దారి లేదు.

"చూసే కొట్టాను."

వాడి మొహం మీద పాలు కారుతున్నాయి. వదిన గుడ్డ ఆపేసింది. నేను చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుంటుంటే వెనకనుంచి అన్నాడు, "నేనైనా కొట్టేవాణ్ణేలే. కానీ లేచి అరిచేవాణ్ణో లేదో." తర్వాత ఎప్పటి గొంతుతో, "ఇది లెక్కలోకి రాదు. వచ్చే శనివారం. అన్నా, వీడికి ముందు నూనె పెట్టు" అన్నాడు.

ఇంటికెళ్ళి నాయనమ్మకు చెప్పాను, తిడుతుందనుకుంటూ. ఎవరు గెలిచారని ఆమె అడగలేదు. "పాలు పోశారా?" అంది. పోశారన్నాను. "ఆ పిల్లోడికి అమ్మ దగ్గర లేదుగా" అంది. తర్వాత నా చేతులకు నూనె రాసింది. ఆ రోజు రెండుసార్లు.

ఆ తర్వాతి శనివారం వెళ్ళేసరికి సుభానీ అన్న సెంటర్ గుమ్మానికి ఒక కొబ్బరినూనె సీసా పురికొసతో వేలాడుతోంది. కుళాయి దగ్గర డబ్బాలో శనగపిండి. యార్డు వాళ్ళకని కాదు, లోపలికి వచ్చే ప్రతివాడికీ. ఆ మాట అన్నకు చెప్పింది ప్రభాకరేనట. "కుర్చీలు విడదీస్తే ఏం లాభం అన్నా, కారం ఎవడి ద్వారానైనా వస్తది. చేతులు కడిగించు" అన్నాడట. ఎనిమిదో నంబరు నియమం ఆ రోజుతో పోయింది. ఆట మాత్రం నేను ఓడిపోయాను. రెండు ఒకటితో. వాడు నాకన్నా మంచి ఆటగాడు, అంతే. తర్వాత ఏడాదిలోపే వాడు చదువు ముగించి ఉద్యోగానికి వెళ్ళాడు, ఎటు వెళ్ళాడో నాకు తెలియదు. సెంటర్ ఉన్నచోట ఇప్పుడు ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. నాయనమ్మ పోయి పదేళ్ళు దాటింది. నేను ఇప్పుడు యార్డులోనే మేస్త్రిని, దబ్బనం పట్టి చాలాకాలమైంది. అయినా సాయంత్రం నూనె రాసుకోకుండా గడప దాటను. పరీక్ష చేసే పెదవి మాత్రం నాదే.

లావణ్య ఆడేటప్పుడు నాకు ఒకటే తేడా కనపడుతుంది. అప్పట్లో నేను కొట్టినవాడు నా పక్క కుర్చీలో ఉండేవాడు. వాడు దగ్గితే వినపడేది, వాడి పేరు, ఊరు, వాడు తిన్న ఉల్లిపాయ తెలిసేది. ఇప్పుడు ఎదుటివాడు ఉత్త పేరు, అదీ అంకెలతో. మా అమ్మాయి తప్పు కాదు, వాడి తప్పూ కాదు. కుర్చీలు దూరమయ్యాయి. నేను దాని పక్కన కూర్చుని చెప్పాను, బాణాలవాడి వంక చూడబాక, వాడు పోయే చోటు చూడు అని. అది నమ్మకుండానే గోడవారగా నడిచింది. రెండో ఆటకే బాణాలవాణ్ణి మూలకు చేర్చింది. చేర్చాక వాడు ఉన్నట్టుండి ఆగిపోయాడు. కదలడం లేదు.

"కొట్టేస్తున్నా నాన్నా!"

"ఆగు."

"ఎందుకు? నెట్ పోయుంటది వాడికి. ఛాన్సు!"

"ఏమో. కళ్ళు మండుతున్నాయేమో."

అది నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూసింది. కానీ వేలు ఎత్తి పట్టుకుంది. ఒకటి, రెండు, మూడు. ఆరు దాటింది. పది దాటింది. అప్పుడు బాణాలవాడు కదిలాడు, గెంతాడు, మూడు బాణాలతో మా కత్తివాణ్ణి పడేశాడు. లావణ్య దిండు తీసి నా మీదికి విసిరింది. "అంతా నీవల్లే! గెలిచే ఆట!" అది కాసేపు మూతి ముడుచుకుని కూర్చుంది. ఫోన్ ఒకసారి మోగింది. తీసి చూసింది.

"నాన్నా, వాడు మళ్ళీ ఆడదామంటున్నాడు" అంది. జరిగి నాకు మంచం మీద చోటిచ్చింది. "ఇప్పుడు చెప్పు. ముందు వాడి గెంతు ఎట్లా అయిపోగొట్టాలి?"